సంత నుంచి కొట్టం దాకా: నడిపించాలా, బండిలో తేవాలా, ఏ బండిలో?

గేదెను కొనేటప్పుడు పొదుగు చూస్తాం, పళ్లు చూస్తాం, రెండు పూటలా పాలు పిండించి చూస్తాం. బేరం సగం రోజు నడుస్తుంది. బేరం కుదిరాక మాత్రం సంత గేటు దగ్గర ఖాళీగా ఉన్న బండిని పిలిచి, "మా ఊరికి ఎంత తీసుకుంటావు?" అని అడిగి, పదినిమిషాల్లో ఎక్కించేస్తాం. లక్ష రూపాయలు పెట్టి కొన్న పశువు కాలు విరగ్గొట్టుకునేదీ, చూడిది ఈసుకుపోయేదీ (గర్భం పోయేదీ), ఇంటికొచ్చాక పాలు సగానికి పడిపోయేదీ ఆ తొందర వల్లే. పశువు తప్పు అందులో ఏమీ ఉండదు.

పెబ్బేరు సంతకు వెళ్లినా, మదనపల్లె దగ్గర అంగళ్లు వెళ్లినా, విజయనగరం వైపు అలమండ వెళ్లినా సాయంత్రం పూట ఇదే కనిపిస్తుంది. నలుగురు తాడు లాగుతుంటారు, ఒకరు వెనక తోక మెలిపెడుతుంటారు, పశువు నాలుగు కాళ్లూ నేలకు బిగించి నిలబడిపోతుంది. చూడలేం. ఈ గొడవ చాలావరకు తప్పించుకోవచ్చు. అందుకు ఏ పద్ధతి ఎవరికి సరిపోతుందో ముందే తెలిసి ఉండాలి. చాలామంది కిరాయి అడిగి నిర్ణయిస్తారు. నేను మాత్రం పశువు పరిస్థితి, దూరం, ఎక్కించే చోటు, దించే చోటు చూసి బండిని ఎంచుకోమంటాను. కిరాయి సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

అసలు ఈ పశువు ఇప్పుడు కదలొచ్చా?

ఏ బండి అని అడిగే ముందు ఇది అడగాలి. నెలలు నిండిన చూడి గేదెను, అంటే ఈనడానికి నెల లోపు ఉన్నదాన్ని, ఏ బండిలోనూ ఎక్కించకపోవడమే మంచిది. గేదెకు చూడికాలం దాదాపు పది నెలల పది రోజులు. ఎద కట్టించిన తేదీ అమ్మేవాళ్లు సరిగ్గా చెప్పకపోతే పశువైద్యుడితో చెయ్యి పెట్టించి చూపించుకోండి. ఆఖరి నెల అని తేలితే బయానా ఇచ్చి అక్కడే ఉంచి, ఈనిన వారం పది రోజులకు దూడతో పాటు తెచ్చుకోండి. దళారులు దీనికి ఒప్పుకోరు, మేపు ఖర్చు అడుగుతారు. ఇచ్చేయండి. ఒక దూడనూ, ఒక ఈతనూ పోగొట్టుకోవడం కంటే అది చాలా తక్కువ.

బొడ్డు ఆరని దూడ, కుంటే పశువు, జ్వరం ఉన్నది, ముక్కు కారుతున్నది, నోట్లో పుండ్లున్నది కూడా ప్రయాణానికి పనికిరావు. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించి రెండు మూడు వారాలు గడిచిన పశువు అయితే మంచిది. బయల్దేరే రోజు పొద్దున టీకా వేయించి బండెక్కించడం వల్ల ఉపయోగం లేదు. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోగా ప్రయాణపు బడలికకు ఒంట్లో నిరోధక శక్తి తగ్గుతుంది. గొంతువాపు చాలాసార్లు దూరం నుంచి తెచ్చిన పశువుల్లో కనపడడానికి కారణం ఇదే. ఆ సూక్ష్మజీవి ఆరోగ్యంగా కనిపించే పశువు గొంతులోనే ఉండి, అది నీరసపడ్డప్పుడు విజృంభిస్తుంది.

నడిపించుకు రావడం

పది, పదిహేను కిలోమీటర్ల లోపు అయితే, మట్టిదారో డొంకదారో ఉంటే, వాతావరణం చల్లగా ఉంటే, పెద్ద పశువుకు నడకే అన్నిటికన్నా సుఖం. ఎక్కడం లేదు, దిగడం లేదు, బ్రేకులు లేవు. పశువు తన కాళ్ల మీద తాను ఉంటుంది కాబట్టి బెదురు తక్కువ. గొర్రెలకు, మేకలకు ఇది ఇంకా నిజం. వాటికి నడక రోజూ ఉన్న పనే.

కాలినడకన పశువుల్ని తరలించడానికి 2001లో కేంద్రం నియమాలు చేసింది. ఊరి పొలిమేర నుంచి 5 కిలోమీటర్లు, ఆపైన నడిపిస్తే అవి వర్తిస్తాయి. వాటి ప్రకారం ఆవుల్ని రోజుకు 30 కిలోమీటర్లు, గేదెల్ని 25 కిలోమీటర్లకు మించి నడిపించకూడదు, అదీ 8 గంటల్లోపే. దూడలకైతే 16 కిలోమీటర్లు, 6 గంటలు. పెద్ద పశువులకు ప్రతి రెండు గంటలకోసారి నీళ్లకు, నాలుగు గంటలకోసారి మేతకు ఆపాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత నడిపించకూడదు. ఎండ 30 డిగ్రీలు దాటినా కూడదు. ఈ ఆఖరి మాట చదివితే మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా నడక దాదాపు లేనట్టేనని అర్థమవుతుంది. గేదె విషయంలో అది అక్షరాలా పాటించాల్సిన మాట. దానికి చెమట గ్రంథులు తక్కువ, తోలు నలుపు, ఒంటి మీద వెంట్రుకలు పలచన. ఆవు తట్టుకునే ఎండ గేదె తట్టుకోలేదు.

నడకను దెబ్బతీసేది తారు రోడ్డు. నాడాలు లేని గిట్టలు తారు మీద, సిమెంటు మీద అరిగిపోతాయి. ఆ నియమాలు కూడా నాడాలు లేని పశువుల్ని అలాంటి రోడ్ల మీద నడిపించొద్దంటాయి. హైవే పక్కన లారీ హారన్లకు బెదిరి రోడ్డు మీదకు దూకిన పశువును పట్టుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు. మీ దారిలో సగానికి పైగా తారు రోడ్డో హైవేనో ఉంటే నడక ఆలోచన మానేయండి. పాలిచ్చే గేదె పొదుగు పెద్దదైతే కూడా మానేయండి. అంత దూరం నడిస్తే రెండు తొడల మధ్య పొదుగు ఒరుసుకుపోయి, వాపుకు దారితీస్తుంది.

ఎక్కించే చోటు: అసలు సగం పని ఇక్కడే

బండ్ల పోలిక కంటే ముందు దీని గురించి ఎక్కువ చెప్పాలి. దారిలో తగిలే దెబ్బల కంటే ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు తగిలే దెబ్బలే ఎక్కువ.

లారీ తొట్టి నేల నుంచి సుమారు నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది. పశువు ఇష్టంగా ఎక్కాలంటే వాలు 20 డిగ్రీలు దాటకూడదు. అంటే ఒక అడుగు ఎత్తుకు మూడు అడుగుల పొడవు కావాలి. నాలుగు అడుగుల లారీకి పన్నెండు అడుగుల బల్ల. సంతల్లో వాడే ఆరడుగుల చెక్క బల్ల మీద పశువు ఎందుకు మొరాయిస్తుందో ఈ లెక్కే చెబుతుంది. దానికది నిటారు గోడ. బల్ల మీద అడ్డంగా ఎనిమిది అంగుళాలకో చెక్క పట్టీ కొడితే గిట్టకు పట్టు దొరుకుతుంది. పైన వరిగడ్డి పరిస్తే చప్పుడు తగ్గుతుంది. బల్ల డొల్లగా చప్పుడు చేసినా, కాలి కింద ఊగినా ఆ పశువు ఇక రెండో అడుగు వేయదు.

బల్ల దొరకకపోతే బండినే కిందికి దించవచ్చు. కాలవ గట్టో, చెరువు కట్ట పక్కన మట్టి దిబ్బో చూసి, వెనక చక్రాలు పల్లంలో ఉండేలా రివర్సు పెడితే తొట్టి నేలకు సమానంగా వస్తుంది. పశువు మామూలుగా నడిచి లోపలికి వెళ్లిపోతుంది. ఎంతమంది మనుషులున్నా, ఎంత మంచి బల్ల ఉన్నా ఈ ఉపాయానికి సాటి రావు. కాబట్టి సంతలో బండి మాట్లాడేటప్పుడే డ్రైవర్ని అడగండి: "అన్నా, గట్టు దగ్గర పెడతావా?" ఒప్పుకున్న డ్రైవర్‌కు వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు. మీ ఇంటి దగ్గర దించడానికి గట్టు ఎక్కడుందో కూడా బయల్దేరే ముందే గుర్తు చేసుకోండి. ఎక్కేటప్పుడు నలుగురు సాయం పడతారు, దిగేటప్పటికి రాత్రవుతుంది, ఎవరూ ఉండరు. అప్పుడు "దూకేస్తుందిలే" అని వదిలేస్తారు. ముందు కాళ్ల భుజం కీళ్లు, పొదుగు దెబ్బతినేది ఆ దూకుడులోనే.

పశువు ఎందుకు ఆగిందో చూడడం ఇంకో పని. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ దశాబ్దాల తరబడి పశువుల కళ్లతో దారిని చూసి చెప్పిన విషయాలు మన సంతలకూ సరిగ్గా సరిపోతాయి. పశువు దాదాపు చుట్టూరా చూడగలదు, వీపు వెనక కొంచెం మేర తప్ప. నేల మీది నీడ, వేలాడే గొలుసు, గాలికి ఊగే పట్టా, మెరిసే నీటి మడుగు, ఎదురుగా నిలబడ్డ మనిషి, ఏదైనా దాన్ని ఆపేస్తుంది. వెలుతురు నుంచి చీకట్లోకి వెళ్లమంటే వెళ్లదు. మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ గేదెకు పైన పట్టా కప్పిన లారీ లోపల చీకటి గుహే. పట్టా పైకి ఎత్తండి. రాత్రిపూట అయితే లోపల ఒక దీపం పెట్టండి, దాని వెలుగు పశువు కళ్లలో పడకుండా.

మనిషి నిలబడే చోటు కూడా ముఖ్యమే. పశువు భుజం దాని ముందు వెనకల సరిహద్దు. భుజానికి వెనకగా నిలబడి ఒక అడుగు దగ్గరకు వస్తే ముందుకు కదులుతుంది. భుజానికి ముందు నిలబడితే వెనక్కి పోతుంది. మనవాళ్లు ముక్కుతాడు పట్టుకుని ముందు నిలబడి లాగుతారు. పశువుకు అది "వెనక్కి పో" అని చెప్పడమే. ఒకరు వదులుగా తాడు పట్టుకుని పక్కగా నడవాలి, ఒకరు భుజం వెనక నుంచి నెమ్మదిగా తోలాలి. ఇద్దరు చాలు. తోక మెలిపెట్టడం, కళ్లలో కారం చల్లడం, ముల్లుగర్రతో పొడవడం మాత్రం ఎవరు చేస్తున్నా ఆపించండి. అవి చట్టం ప్రకారం నేరం, పైగా పని చెడగొడతాయి. ఒకసారి బెదిరిన పశువు మామూలు స్థితికి రావడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఆ అరగంట ఆగి, నీళ్లు తాగించి, మళ్లీ ప్రయత్నిస్తే అదే పశువు చాలాసార్లు తనంత తానే ఎక్కుతుంది. సంతలో అరగంట ఆగడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఆ ఓపిక కొన్నవాడికి ఉండాలి.

ఇప్పుడు బండ్లు

కొలత ముందు. 2015లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆవుకో గేదెకో 2 చదరపు మీటర్లు, గొర్రెకో మేకకో 0.3 చదరపు మీటర్లు, విడివిడి అడ్డుకట్టలు ఉండాలి. 2 చదరపు మీటర్లు అంటే ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. టేపు పెట్టి తొట్టి పొడవు వెడల్పు కొలిచి భాగించండి, ఎన్ని పడతాయో డ్రైవర్ని అడగక్కర్లేదు.

ట్రాలీ ఆటో, అంటే టాటా ఏస్ లాంటి చిన్న బండి, తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. ఒక గేదె, దాని దూడ. అంతే. రెండు పెద్ద గేదెల్ని ఇరికిస్తామంటే ఒప్పుకోవద్దు. తొట్టి ఎత్తు తక్కువ కాబట్టి ఎక్కించడం సులభం, పల్లె సందుల్లో కొట్టం ముందు దాకా వస్తుంది, ఇవి దీని మంచి గుణాలు. కానీ ఐదువందల కిలోల పశువు ఒక పక్కకు జరిగితే బండి మొత్తం ఒరుగుతుంది. పక్క తలుపులు అడుగు ఎత్తే ఉంటాయి కాబట్టి వెదురు బొంగులో ఇనుప చట్రమో కట్టి పశువు వీపు దాటేలా ఎత్తు పెంచాలి. ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోపు, పల్లె రోడ్ల మీద, ఒకే పశువుకైతే నేను దీన్నే ఎంచుకుంటాను. హైవే మీద మాత్రం వద్దు.

ట్రాక్టర్ ట్రాలీని మన దగ్గర చాలా వాడతారు, ఎందుకంటే ఇంట్లోనే ఉంటుంది. దానికి కమానులు (స్ప్రింగు పట్టీలు) ఉండవు, ప్రతి గుంట పశువు కాళ్లకు నేరుగా తగులుతుంది. కొక్కెం దగ్గర ఊగిసలాట ఎక్కువ. పక్క ఊరి నుంచి తెచ్చుకోవడానికి, వేరే దారి లేకపోతేనే.

బొలెరో పికప్ తరహా బండి తొట్టి తొమ్మిదడుగుల వరకు ఉంటుంది. రెండు గేదెలు సరిగ్గా పడతాయి, లేదా ఒక గేదె, దూడ, కొంత మేత. యాభై నుంచి రెండు వందల కిలోమీటర్ల దాకా, ఒకటీ రెండూ కొనే రైతుకు నా ఓటు దీనికే. బరువు తట్టుకుంటుంది, వేగంలోనూ నిలకడగా ఉంటుంది, దారిలో ఆపి చూసుకోవడం సులభం. దీని లోపం కమానులు గట్టివి కావడం. ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది. ఒకే పశువును ఎక్కిస్తే మిగిలిన జాగాను బొంగులతో అడ్డం కట్టండి. జాగా మరీ ఇరుకైతే ఎంత ప్రమాదమో, మరీ ఎక్కువైనా అంతే. బ్రేకు వేసినప్పుడల్లా పశువు తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుపోతుంది.

డీసీఎం (మధ్యరకం ట్రక్కు), లారీ నాలుగైదు పశువులకు పైన ఉన్నప్పుడే. 1978 నాటి పశు రవాణా నియమాలు ఒక గూడ్సు బండిలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదంటాయి. ఎంత పెద్ద లారీ అయినా ఆరే. పదీ పన్నెండూ కుక్కి "తల ఒక్కింటికి కిరాయి సగం పడుతుంది" అని చెప్పే వాళ్లుంటారు. అలా వచ్చిన లారీలో ఒక పశువు పడిపోతే లేవడానికి చోటుండదు, మిగతావి తొక్కేస్తాయి. అదే నియమాల్లో ఇంకా కొన్ని మంచి మాటలున్నాయి. కింద జారకుండా కొబ్బరి పీచు చాపో చెక్కో పరచాలి, పశువులతో పాటు వేరే సరుకు వేయకూడదు, ఒక మనిషి తోడు ఉండాలి, పశువులు వీలైతే ఇంజను వైపు ముఖం పెట్టి నిలబడాలి. బండి ముందుకు పోతున్న దిశ ఎదురుగా కనిపిస్తే బెదురు తక్కువ. మనవాళ్లు లారీలో పశువుల్ని అడ్డంగా నిలబెట్టడం చాలా చూస్తాం. అలా అయితే ఎక్కువ పడతాయని తప్ప అందులో పశువుకు మేలు ఏమీ లేదు.

పీచు చాప దొరకని చోట రెండు అంగుళాల ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచండి. ఇసుక మూత్రాన్ని పీల్చుకుంటుంది, గిట్ట జారదు. ఇనుప రేకు మీద పట్టా మాత్రమే పరిస్తే మొదటి పేడతోనే అది సబ్బు రాసినట్టు జారుతుంది. బండలాగుడు పోటీలకు ఒంగోలు ఎడ్లను తిప్పే యజమానుల బండ్లు ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి. కింద మెత్తటి పరుపు, పక్కలకు గోనె సంచుల దిండ్లు, రెండెడ్ల మధ్య అడ్డుకట్ట. పాడి గేదెకు కూడా అదే మర్యాద దక్కాలి.

కట్టేది ఎప్పుడూ మెడకు కట్టిన పలుపుతోనే. ముక్కుతాడుతో బండికి కట్టకండి. బ్రేకు పడ్డప్పుడు ముక్కు చీలిపోతుంది. తాడు పశువు తల ఎత్తుకుని దించుకునేంత ఉండాలి, కాలు దాటేంత ఉండకూడదు. ముడి ఒక్క లాగుతో ఊడేది వేయండి, లేదంటే పశువు పడిపోయినప్పుడు మెడకు బిగుసుకుని ఊపిరాడకుండా పోతుంది. ఒక కత్తి చేతికందేలా ఉంచుకోండి. కొమ్ములు పొడవైన వాటిని, పొడిచే అలవాటున్న వాటిని పక్కపక్కన కట్టకండి. దూడను తల్లికి కనిపించేలా ఉంచండి, కానీ మధ్యలో అడ్డం ఉండాలి. తల్లి కాళ్ల కింద పడి చనిపోయే దూడలు చాలా.

రైలు గురించి క్లుప్తంగా. నియమాలు బ్రాడ్ గేజ్ వ్యాగన్‌కు పది పెద్ద పశువుల దాకా ఒప్పుకుంటాయి. కుదుపు తక్కువ. కానీ విడిగా ఒకటీ రెండూ తెచ్చుకునే రైతుకు వ్యాగన్ బుక్ చేయడం కుదిరే పని కాదు. మన రేణిగుంట పాలు 2020 నుంచి దూద్ దురంతో రైల్లో ఢిల్లీ చేరుతున్నాయి, అటు నుంచి హర్యానా జాతి ముర్రా గేదెలు మాత్రం ఇప్పటికీ లారీల్లోనే వస్తున్నాయి. ఇది ఎప్పటికైనా మారాలని కోరుకుంటాను.

హర్యానా నుంచి తేవాలా, ఇక్కడే కొనాలా?

డెయిరీ పెట్టాలనుకునే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది. ధరలూ పాల దిగుబడీ పక్కన పెట్టి ప్రయాణం వైపు నుంచే జవాబు చెబుతాను. రోహ్‌తక్, జింద్, హిసార్ ప్రాంతాల నుంచి విజయవాడ దాకా 1,700 కిలోమీటర్లకు పైనే. ఆగకుండా తెచ్చేస్తామనే వ్యాపారి ఉంటే అతన్ని వదిలేయండి. దారిలో కనీసం రెండు చోట్ల పశువుల్ని కిందికి దించి, పాలు పిండి, కడుపునిండా నీళ్లు, మేత పెట్టి, కొన్ని గంటలు పడుకోనివ్వాలి. పాలిచ్చే గేదె పొదుగు రోజంతా పిండకుండా ఉంటే పొదుగువాపు ఖాయం. పాలు ఎక్కువిచ్చే గేదెల్లో దూర ప్రయాణపు ఒత్తిడికి ఒంట్లో కాల్షియం పడిపోయి కాళ్లు తడబడడం, వణకడం, కూలబడడం కూడా జరుగుతుంది. అలాంటి లక్షణం కనపడితే దారిలోనే వైద్యుడు చూడాలి. ఇంటికెళ్లాక చూద్దాం అనుకునే జబ్బు కాదది.

వేళ కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మేలలో నాగపూర్ దాటి వచ్చే దారి నిప్పుల కొలిమి. డిసెంబరు, జనవరిలో అక్కడ బయల్దేరేటప్పుడు చలి, మంచు. అక్టోబరు, నవంబరు, లేదా ఫిబ్రవరి మేలు. మీరో, మీ ఇంట్లో మనిషో లారీతో పాటే రావాలి, విమానంలోనో రైల్లోనో ముందే వచ్చేసి ఎదురుచూడడం కాదు.

ఇవన్నీ చేయగలిగితే, ఒకేసారి ఆరు పశువులు కొనే స్తోమత ఉంటే, అక్కడి నుంచి తెచ్చుకోండి. మొదటిసారి డెయిరీ పెడుతూ రెండు మూడు గేదెలు కొనేవాళ్లకు మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో దొరికే గ్రేడెడ్ ముర్రాలే (స్థానిక గేదెలను ముర్రా దున్నలతో దాటించగా వచ్చినవి) మంచివని నా గట్టి అభిప్రాయం. అవి ఇక్కడి ఎండకు, ఇక్కడి మేతకు అలవాటు పడ్డవి. నాలుగు గంటల ప్రయాణంలో ఇంటికొస్తాయి. తలా ఒకటో రెండో గేదెల కోసం నలుగురు రైతులు కలిసి ఒక లారీ పంచుకోవడం చవకే గానీ, నాలుగు కొట్టాల పశువులు ఒకే తొట్టిలో మూడు రోజులు ముక్కూ ముక్కూ ఆనించి ఉంటే ఒకదాని జబ్బు అన్నిటికీ వస్తుంది.

గొర్రెలు, మేకలు

జీవాల లెక్క వేరు. వాటికి దెబ్బల కంటే ఊపిరాడకపోవడమే పెద్ద ప్రమాదం. బ్రేకు పడితే అన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, కింద పడ్డవి చప్పుడు లేకుండా చనిపోతాయి. అందుకే 1978 నియమాలు నాలుగున్నర, ఐదు టన్నుల బండికి 40 జీవాలకు మించొద్దని, పెద్ద బండ్లలో రెండు మూడు మీటర్లకో అడ్డుకట్ట పెట్టాలని చెబుతాయి. పొట్టేళ్లను గొర్రెలతో కలపకూడదు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చారు. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో మందలు వచ్చాయి. ఎంత దూరం నుంచి తెస్తే అంత నష్టమని కాపరులకు అప్పుడు బాగా తెలిసింది.

ముప్పై కిలోమీటర్ల లోపు, తెరిపి వాతావరణమైతే నడిపించండి. ఒక పాత మేకనో, ఇంటికి అలవాటైన గొర్రెనో ముందు నడిపిస్తే మంద మొత్తం వెంట వస్తుంది. బండి ఎక్కించేటప్పుడు కూడా అదే ఉపాయం. ఉన్ని పట్టుకునో, ఒక కాలు పట్టుకునో ఎత్తి లోపలికి విసరడం ఎక్కడ చూసినా ఉంది. ఉన్ని కింద తోలు కమిలిపోతుంది, కీలు తప్పుతుంది. ఒక చెయ్యి గదవ కింద, ఒక చెయ్యి వెనక పెట్టి ఎత్తాలి. పిల్లల్ని విడిగా, గాలి తగలని చోట ఉంచండి. వర్షంలో తడిసిన మందను గాలికి తెరిచిన బండిలో రాత్రంతా తెస్తే న్యుమోనియా తప్పదు. అలాంటప్పుడు ఒక రోజు ఆగడమే మేలు. పీపీఆర్ (పారుడు రోగం), చిటుక రోగం టీకాలు ముందే అయి ఉండాలి.

బయల్దేరే రోజు, చేరిన రోజు

దాణా కడుపునిండా పెట్టి ఎక్కించొద్దు. ముందు రోజు నుంచి ఎండుగడ్డి, కొద్దిగా పచ్చిమేత, బండెక్కే దాకా కావలసినన్ని నీళ్లు. వేసవిలో సాయంత్రం ఐదు తర్వాత ఎక్కించి రాత్రిపూట తేవాలి, గేదె ఒంటి మీద నీళ్లు పోసి మరీ. డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి: నలభై, యాభై వేగం దాటొద్దు, మలుపుల్లో ముందు నుంచే తగ్గించాలి, బయల్దేరిన అరగంటకు ఒకసారి ఆపి చూడాలి. ఆ మొదటి అరగంటలోనే పశువులు సర్దుకుంటాయి, పడేవి పడతాయి. ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి చాలు. మాట వినని డ్రైవర్ అయితే ఎంత మంచి బండీ పనికిరాదు. ఇద్దరు డ్రైవర్లలో నెమ్మదైన వాడి బండి పాతదైనా నేను అతన్నే పిలుస్తాను.

కాగితాల్లో సంత రసీదు, పశువైద్యుడు ఇచ్చిన ప్రయాణ యోగ్యతా పత్రం, చెవి పోగు మీది పన్నెండంకెల నంబరు, అమ్మినవారి, కొన్నవారి చిరునామాలు మీ దగ్గరే ఉంచుకోండి, డ్రైవర్ జేబులో కాదు. రాష్ట్ర సరిహద్దు దాటితే ఇవి లేకుండా కదలొద్దు. చెక్‌పోస్టులో బండి ఆగితే ఎండలో నిలబడేది పశువే.

ఇంటికి చేరగానే గట్టు దగ్గర నెమ్మదిగా దించి, నీడన కట్టి, ముందు నీళ్లు ఇవ్వండి. ఒకేసారి బకెట్లు బకెట్లు కాకుండా కొద్దికొద్దిగా, కాస్త బెల్లం, ఉప్పు కలిపి. తర్వాత ఎండుగడ్డి. దాణా రెండో రోజు నుంచి కొంచెం కొంచెంగా పెంచండి, వీలైతే అమ్మినవాళ్లు పెట్టిన దాణానే పది కిలోలు కొని తెచ్చుకుని మీ దాణాలో కలుపుతూ రండి. మొదటి కొన్ని రోజులు పాలు తగ్గితే అమ్మినవాడు మోసం చేశాడని టెన్షన్ పడొద్దు, బడలిక తీరాక చాలావరకు తిరిగి వస్తాయి. మూడు, నాలుగు వారాలు పాత పశువులకు దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్‌తో ఉంచండి. పనిచేసే మనిషి ముందు పాతవాటి పని ముగించుకుని తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. రోజూ ఉష్ణోగ్రత చూడండి. 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, మేత ముట్టకపోయినా, గొంతు వాచినా, గురక వినపడినా తెల్లారేదాకా ఆగకుండా ఊరి పశువైద్యుడికి గానీ, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి గానీ ఫోన్ చేయండి. గొంతువాపు ఒక్క రాత్రిలో పశువును తీసుకుపోతుంది, మందు మొదటి గంటల్లో పడితేనే దక్కుతుంది.